ప్రజల మాటలకు పద్దు వ్రాసిన జోసెఫ్ రైట్

మన సంఘం ప్రత్యేక సంచికకు కీర్తిశేషులైన ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయమని సంపాదకులు కోరారు. దేశ నాయకుల గురించి, సంఘసంస్కర్తల గురించి వ్రాయటానికి మనలో సమర్థులు చాలామంది ఉన్నారు. అందుచేత నేను కొంచెం దూరం వెళ్ళి, ఇంగ్లండులో పుట్టి ఇంగ్లండులోనే కన్నుమూసిన ఒక పండితుడిని ఎంచుకున్నాను. ఆయన పేరు జోసెఫ్ రైట్. తమ దేశంలో పేరు పొందినవాడే గాని, మన పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు నేనెక్కడా చూడలేదు. ఆరో ఏట కూలికి వెళ్ళి, పదిహేనో ఏట వరకు తన పేరు తాను చదువుకోలేని కుర్రవాడు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కావటం ఒక వింత. అయితే నన్ను ఆకర్షించింది అది ఒక్కటే కాదు. పల్లెటూరి జనం నోట్లో ఉన్న మాటలను, చదువుకున్నవాళ్ళు మోటు మాటలని ఈసడించిన మాటలను ఆయన జిల్లాల వారీగా పోగుచేసి ఆరు సంపుటాల నిఘంటువుగా అచ్చువేశాడు. ముప్ఫై అయిదేళ్ళకు పైగా దస్త్రాల మధ్య బ్రతికిన మనలాంటివాళ్ళకు ఆ పని ఎంతటిదో తెలుస్తుంది.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లీషు అంటే మనకు బడిలో నేర్పిన ఒకే ఇంగ్లీషు. బ్రిటనులో ఒకే ఇంగ్లీషు ఎప్పుడూ లేదు. ఆ ద్వీపం వైశాల్యం సుమారు 2,09,000 చదరపు కిలోమీటర్లు. 1956 నుంచి 2014 వరకు ఉన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2,75,000 చదరపు కిలోమీటర్లు. అంటే మన పాత రాష్ట్రం కంటే చిన్నది. వేల్సులో వెల్ష్ భాష, స్కాట్లండు ఉత్తర కొండల్లో గేలిక్ భాష వేరు. వాటి మాట ఇక్కడ ఎత్తటంలేదు. ఇంగ్లీషులోనే ఊరూరికీ పలుకు మారుతుంది. పిల్ల కాలువను యార్క్‌షైరులో బెక్ అంటారు, స్కాట్లండులో బర్న్ అంటారు. పసిబిడ్డను లండనులో చైల్డ్ అంటే, ఉత్తరాన బేర్న్ అంటారు. మనం ఒకచోట సొరకాయ అని, ఇంకొకచోట ఆనపకాయ అని అన్నట్లే.

జోసెఫ్ రైట్ 1855 అక్టోబరు 31న యార్క్‌షైరులో బ్రాడ్‌ఫర్డు పట్టణం దగ్గరి థాక్లీ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఉన్నిబట్టలు నేసేవాడు, రాతి క్వారీలో కూడా పనిచేసేవాడు. ఇల్లు గడవటమంతా తల్లి మీద పడింది. ఆరో ఏటనే పిల్లవాడిని క్వారీలో పనికి పెట్టారు. రాళ్ళు కొట్టేవారి ఉలులు, సుత్తులు మొద్దుబారితే గాడిదబండిలో వేసుకుని కమ్మరి కొలిమికి తీసుకుపోయి, పదును పెట్టించి తిరిగి తేవటం ఆయన మొదటి ఉద్యోగం.

ఏడో ఏట సాల్టెయిరులోని ఉన్ని మిల్లుకు మారాడు. సర్ టైటస్ సాల్ట్ అనే మిల్లు యజమాని తన కార్మికుల కోసం ప్రత్యేకంగా కట్టించిన ఊరు అది. నూలు కండెలు నిండగానే తీసి, ఖాళీ కండెలు తగిలించటం అక్కడ పిల్లల పని. సగం పూట మిల్లు, సగం పూట మిల్లు బడి. జీవితం మొత్తంలో రైట్ పిల్లవాడిగా వెళ్ళిన బడి అదొక్కటే. అక్కడ ఏం నేర్చాడంటే, చదవటం, వ్రాయటం మాత్రం నేర్వలేదు. అలసిన పసివాళ్ళను బల్లల మీద కూర్చోబెడితే ఏం వంటపడుతుంది? ఆ తరువాత ఇంకో మిల్లులో చేరి ఉన్ని రకాలు వేరుచేసే పనివాడయ్యాడు. చేతితో తడిమి, ఈ పోగు ఏ రకం, ఎంత మెత్తన, ఎంత పొడవు అని క్షణంలో తేల్చి వేరు గుట్టలో వేయాలి. ఈ పనిలో అలవడిన చేతివాటం తరువాత మాటల పనిలో ఎంత అక్కరకొచ్చిందో ముందు ముందు చూస్తారు.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం వచ్చింది. మిల్లులో చదువు వచ్చిన ఒకరిద్దరు మధ్యాహ్న విరామంలో పత్రిక పైకి చదివితే మిగతావారు చుట్టూ చేరి వినేవారు. యుద్ధం ఏమైందో తెలుసుకోవటానికి ఇంకొకడి నోటి కోసం ఎదురు చూడటం పదిహేనేళ్ళ రైట్‌కు సిగ్గనిపించింది. బైబిలు ఒకటి, బన్యన్ వ్రాసిన యాత్రికుని కథ ఒకటి దగ్గర పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నాడు. అక్కడితో ఆగలేదు. రాత్రి బడులకు వెళ్ళి ఫ్రెంచి, జర్మను, లాటిను, లెక్కలు, షార్టుహాండు కూడా నేర్చాడు. పద్దెనిమిదో ఏట తల్లి ఇంట్లోనే తానే ఒక రాత్రి బడి పెట్టి, వారానికి రెండు పెన్నీలు రుసుము పుచ్చుకుని తోటి కార్మికులకు చదువు చెప్పాడు. మూడేళ్ళ క్రితం అక్షరం రానివాడు మాస్టారు కావటం గమనించండి.

1876 నాటికి 40 పౌన్లు కూడబెట్టాడు. ఆ డబ్బుతో ఇంకొకడైతే చిన్న దుకాణం పెట్టుకునేవాడు. రైట్ జర్మనీలో హైడెల్బర్గు విశ్వవిద్యాలయానికి బయలుదేరాడు. ఓడ దిగిన ఆంట్వెర్ప్ రేవు నుంచి హైడెల్బర్గు దాకా రైలు ఛార్జీ మిగుల్చుకోవటానికి నడిచే వెళ్ళాడు. ఆ డబ్బు ఒక టర్ము చదువుకే సరిపోయింది. తిరిగి వచ్చి బడిపంతులుగా పనిచేస్తూ మళ్ళీ కూడబెట్టి, 1882లో మళ్ళీ హైడెల్బర్గు చేరాడు. మొదట లెక్కల మీద మనసున్నవాడు అక్కడ హెర్మన్ ఓస్ట్‌హోఫ్ అనే ఆచార్యుని దగ్గర భాషాశాస్త్రానికి మళ్ళాడు. 1885లో గ్రీకు భాషలోని అచ్చుల మార్పుల మీద డాక్టరేటు పట్టా పొందాడు.

ఆ రోజుల్లో జర్మనీలో ఒక కొత్త సంప్రదాయం బయలుదేరింది. భాషలో ధ్వనులు ఇష్టం వచ్చినట్లు మారవు, ఒక నియమం ప్రకారం మారతాయి అని వారి వాదం. ఆ నియమం పుస్తకాల భాషలో కంటే చదువురాని పల్లెజనం మాటల్లో శుద్ధంగా కనిపిస్తుందని వారు పసిగట్టారు. పుస్తకాల భాష పదిచోట్ల నుంచి అరువు తెచ్చుకున్న కలగాపులగం. పల్లె మాట తన దారిన తాను నడిచి వచ్చింది. ఈ మాట విన్నప్పుడు రైట్ మనసులో ఏం మెదిలి ఉంటుందో ఊహించవచ్చు. ఊళ్ళో పంతుళ్ళు తప్పు తప్పు అని కొట్టిన తన తల్లి మాటే శాస్త్రానికి మూలధనమన్నమాట!

1888లో రైట్ ఆక్స్‌ఫర్డు చేరటానికి దారి చూపినవాడు మనవారికి బాగా తెలిసిన మాక్స్ ముల్లర్. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో అచ్చువేయించిన మహాపండితుడు. మన దేశపు పండితులు ఆయన్ను మోక్షమూల భట్టు అని పిలుచుకున్నారు. ఆయన కూడా జర్మనీ నుంచి వచ్చి ఆక్స్‌ఫర్డులో స్థిరపడినవాడే. రైట్ మొదట స్త్రీల ఉన్నతవిద్య కోసం ఏర్పడ్డ సంఘంలో ఉపన్యాసకుడయ్యాడు. తరువాత తులనాత్మక భాషాశాస్త్రంలో మాక్స్ ముల్లర్ స్థానంలో ఉప ఆచార్యుడై, ఆయన 1900లో పోయిన తరువాత 1901లో ఆ పీఠానికి పూర్తి ఆచార్యుడయ్యాడు.

1892లో రైట్ తాను పెరిగిన విండ్‌హిల్ పలుకుకు ఒక వ్యాకరణం వ్రాశాడు. ఇంగ్లీషు మాండలికాలలో ఒకదానికి శాస్త్రీయ పద్ధతిలో వచ్చిన తొలి వ్యాకరణాలలో అది ఒకటి. దాని కోసం ఆయన ఎవరినీ అడగనవసరం లేకపోయింది. తన నాలుకే సాక్షి. ఉత్తరాది మాట మోటు అనేవారికి ఒక్క ఉదాహరణ చాలు. ఇంటిని లండనువారు హౌస్ అంటారు. స్కాట్లండులోను, ఇంగ్లండు ఉత్తరపు కొసలోను హూస్ అంటారు. వింటే నవ్వేవారున్నారు. కాని చాసర్ మహాకవి కాలంలో, అంటే ఆరువందల ఏళ్ళ క్రితం, లండనులో కూడా హూస్ అనే అనేవారు. మారింది రాజధాని, మారనిది పల్లె. అలాగే స్టార్వ్ అంటే మనం ఆకలితో మాడటం అని నేర్చుకున్నాం. ఉత్తరాదిలో ఆ మాటకు చలికి బిగుసుకుపోవటం అని అర్థం. పూర్వం దానికి చనిపోవటం అని మాత్రమే అర్థం, ఏ కారణంతోనైనా సరే. జర్మనులో చనిపోవటానికి నేటికీ ష్టెర్బెన్ అంటారు. చావుకు దక్షిణాన ఆకలి, ఉత్తరాన చలి తోడయినాయి, అంతే తేడా.

ఇక అసలు కథకు వస్తాను. మాండలిక పదాలు మాయమైపోతున్నాయనే దిగులుతో కేంబ్రిడ్జి ఆచార్యుడు వాల్టర్ స్కీట్ 1873లో ఇంగ్లీషు మాండలిక సంఘాన్ని స్థాపించాడు. ఆ దిగులుకు కారణాలున్నాయి. రైళ్ళు వచ్చి ఊళ్ళను కలిపివేశాయి. 1870లో ప్రాథమిక విద్య చట్టం వచ్చింది. దానిని ప్రవేశపెట్టిన మంత్రి ఫోర్‌స్టర్, రైట్ పుట్టిన చోటికి కూతవేటు దూరంలోని బ్రాడ్‌ఫర్డుకు ప్రతినిధి కావటం కాకతాళీయం. ప్రతి బిడ్డకూ చదువు రావటం ఎంత మంచిదో వేరే చెప్పనక్కరలేదు. చదువులేని బాల్యం ఏమిటో రైట్‌కు తెలిసినట్లు ఎవరికి తెలుసు? కాని ఆ బడుల్లో అవ్వ చెప్పిన మాట పలికితే బెత్తం దెబ్బ పడేది. ఒక తరం గడిస్తే ఆ మాటలు ఎరిగినవారు ఉండరు. స్కీట్ సంఘం జిల్లాల వారీగా చిన్న చిన్న పదపట్టికలు సుమారు 80 అచ్చువేసింది. వాటన్నిటినీ కలిపి ఒక మహానిఘంటువుగా కూర్చే మొనగాడి కోసం వెతికి వెతికి స్కీట్ చివరికి రైట్‌ను పట్టుకున్నాడు.

అప్పటికి పోగైన చీటీల బరువే ఒక టన్ను ఉంటుందని చెప్పుకున్నారు. ఆ సామగ్రి చూసి రైట్ ఇది చాలదన్నాడు. పత్రికలలో ప్రకటనలు ఇచ్చి, ఊరూరా పాదరీలకు, పంతుళ్ళకు, వైద్యులకు ఉత్తరాలు వ్రాసి, వందలాదిమంది స్వచ్ఛంద సేవకులను కూడగట్టాడు. వారు పాత పుస్తకాలు చదివి, ముసలివారిని పలకరించి, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చీటీ వ్రాసి పంపారు. జీతం లేదు, టి.ఎ. లేదు. యార్క్‌షైరులో ఈ పనికోసం ఏర్పడిన కమిటీయే 1897లో యార్క్‌షైర్ మాండలిక సంఘంగా మారింది. ఆ సంఘం తరువాత వంద సంవత్సరాల పండుగ కూడా చేసుకుంది.

అచ్చు వేసేదెవరు? ఇక్కడ వచ్చింది చిక్కు. పల్లెటూరి మాటల పుస్తకం ఎవరు కొంటారని ప్రచురణకర్తలు వెనుకాడారు. రైట్ ధనికుడు కాడు. మిల్లులో పైసా పైసా కూడబెట్టినవాడికి డబ్బు విలువ మనకంటే బాగా తెలుసు. స్కీట్ తన వంతు డబ్బు సాయం చేశాడు. మిగతా భారం, నష్టం వస్తే ఆ నష్టం కూడా, రైట్ తన నెత్తిన వేసుకుని, చందాదారులను చేర్చుకుని తానే ప్రచురించటానికి సిద్ధపడ్డాడు. నలభై ఏళ్ళ వయసులో, అప్పుడే ఒక నిలకడైన జీతం దొరికినవాడు, ఉన్నదంతా ఒడ్డి ఈ పనికి దిగటం చిన్న సాహసం కాదు. చందాదారులు సగంలో మానివేస్తే, తాను మధ్యలో జబ్బుపడితే మళ్ళీ మొదటికి రావలసిందే. మన సి.పి. బ్రౌన్ దొర తెలుగు గ్రంథాల కోసం తన జీతం ఖర్చుపెట్టి అప్పులపాలైన సంగతి ఇక్కడ గుర్తుకు రాకమానదు.

ఆక్స్‌ఫర్డులో క్లారెండన్ ముద్రణాలయం వారు పనిచేసుకోవటానికి చోటు ఇచ్చారు. ఆ గదికి కార్ఖానా అని పేరు పెట్టుకున్నారు. విద్వాంసుల కొలువుకు పెట్టే పేరు కాదది. మిల్లులో పెరిగినవాడు పెట్టుకునే పేరు. అక్కడి పని తీరు చదువుతుంటే నాకు ముచ్చట వేసింది. వచ్చిన ప్రతి చీటీని అక్షరక్రమంలో గూళ్ళలో సర్దటం, సందేహం ఉన్న మాటకు ఆ జిల్లాలోని మనిషికి ఉత్తరం వ్రాయటం, జవాబు రాకపోతే మళ్ళీ గుర్తుచేయటం, ఆధారం లేని మాటను పక్కనపెట్టి దానికి వేరే పట్టిక ఉంచటం. ఇన్వర్డు, అవుట్‌వర్డు, రిమైండరు, పెండింగు అన్నీ ఉన్నాయి! ఉన్ని పోగును తడిమి గుట్టలో వేసిన చేయి ఇప్పుడు మాటను తడిమి గూట్లో వేసింది. సహాయకులలో యువతులు ఎక్కువమంది. వారిలో ఒకరు ఆయన పూర్వ విద్యార్థిని ఎలిజబెత్ మేరీ లీ. 1896లో నిఘంటువు మొదటి భాగం వెలువడింది, అదే సంవత్సరం ఆమెతో ఆయన పెళ్ళి జరిగింది. అక్కడి నుంచి ఆరు నెలలకొక భాగం చొప్పున చందాదారులకు అందుతూ వచ్చింది. మొదటి సంపుటం 1898లో పూర్తయితే ఆరోది 1905లో పూర్తయింది. ఇలాంటి మహానిఘంటువులు సంకల్పించినవారి జీవితకాలంలో ముగియటం అరుదు. ఆక్స్‌ఫర్డు పెద్ద నిఘంటువు మొదటి భాగం 1884లో వస్తే చివరిది 1928లో గాని రాలేదు. దాని సంపాదకుడు జేమ్స్ మర్రే 1915లోనే పోయాడు.

ఆ ఆరు సంపుటాలలో సుమారు 70,000 పదాలు, 4,500 పుటలు ఉన్నాయి. గడిచిన రెండువందల ఏళ్ళలో బ్రిటనులోని ఏ మూలనైనా వాడుకలో ఉన్న మాండలిక పదం అందులో ఉండాలని ఆయన పట్టుదల. ఒక్కొక్క పదం కింద అది ఏ ఏ జిల్లాలలో ఉన్నది, ఎక్కడ ఎలా పలుకుతారు, ఏ ఏ అర్థాలు, ఆ మాట చుట్టూ ఉన్న సామెతలు, పిల్లల ఆటలు, నమ్మకాలు, పండుగలు అన్నీ ఎక్కాయి. చివరి సంపుటంలో మాండలికాలన్నిటికీ కలిపి ఒక వ్యాకరణం చేర్చాడు.

బ్రిటను మాండలికాలు ఎలా ఉంటాయో రుచి చూపించటానికి నాకు నచ్చిన కొన్నిటిని చెబుతాను. యార్క్‌షైరులో లేక్ అంటే ఆడుకోవటం. వెయ్యేళ్ళ క్రితం డెన్మార్కు, నార్వేల నుంచి పడవల మీద వచ్చి యార్కును పట్టుకున్న వైకింగులు విడిచివెళ్ళిన మాట అది. బెక్ కూడా వారిదే. కాని మిల్లు ఊళ్ళలో లేక్ అంటే పని దొరకక ఇంట్లో కూర్చోవటం అనే అర్థం కూడా వచ్చింది. పిల్లవాడు లేక్ చేస్తే ఇంట్లో సంతోషం, తండ్రి లేక్ చేస్తే పొయ్యిలో పిల్లి. ఒక్క మాటలో ఒక ఊరి చరిత్ర అంతా ఉన్నది. నెష్ అంటే చలికి ఓర్వలేని సుకుమారుడు. మధ్య మండలాల మాట, పాత ఇంగ్లీషులో మెత్తన అని అర్థం. అక్కడే మార్డీ అంటే గారాబంతో చెడి, మూతి ముడుచుకుని మారాం చేసే పిల్ల. కార్న్‌వాలులో ఎమ్మెట్ అంటే చీమ. వేసవిలో సముద్రతీరానికి బారులు తీరి వచ్చే యాత్రికులను కూడా ఆ ఊరివారు తరువాతి కాలంలో ఎమ్మెట్లనే పిలవసాగారు.

ఆ దేశంలో వానకు కొదవలేదు కాబట్టి వాన మాటలకూ కొదవలేదు. సన్నని జల్లు నైరుతిలో మిజిల్, స్కాట్లండులో స్మర్. కుండపోతను యార్క్‌షైరువారు సైల్ అంటారు. మబ్బులు కమ్మితే మధ్య మండలాలవారు బిల్లు వాళ్ళమ్మ ఇంటివైపు నల్లబడిందంటారు. ఆ బిల్లు ఎవరో, వాళ్ళమ్మ ఇల్లు ఎక్కడో చెప్పేవాడు లేడు, కాని గొడుగు మాత్రం తీసుకుంటారు. గొర్రెల కాపరులు ఒకటి రెండు అని లెక్కపెట్టక యాన్, టాన్, టెథెరా, మెథెరా, పింప్ అని లెక్కపెట్టేవారు. వెల్ష్ భాషలో కూడా అయిదును పింప్ అనే పలుకుతారు కాబట్టి, ఇంగ్లీషు రాకముందు ఆ కొండల్లో ఉన్న భాష గొర్రెల మంద వెంట నిలిచిపోయిందని కొందరి ఊహ. నిజమెంతో గాని ఊహ బాగున్నది.

యార్క్‌షైరు సామెతల్లో డబ్బు వాసన ఎక్కువ. వారికి డబ్బు పేరు బ్రాస్, అంటే ఇత్తడి. మురికి ఉన్నచోటే ఇత్తడి ఉంటుందని వారి సామెత. మిల్లుల పొగ చూసి పుట్టిన తెలివి అది. అన్నీ విను, అన్నీ చూడు, ఏమీ అనకు. అన్నీ తిను, అన్నీ తాగు, డబ్బివ్వకు. ఎప్పుడైనా ఉచితంగా పనిచేయవలసి వస్తే నీ కోసమే చేసుకో అనే భావంతో వారికొక నీతి ఉన్నది. తమను తాము వెక్కిరించుకుంటూ చెప్పుకునేది గాబోలు. ఆ నీతి పుట్టిన గడ్డ మీదనే రైట్ అనే మనిషి తన సొంత డబ్బు పోసి అందరి మాటలకు పుస్తకం వేశాడు.

నిఘంటువు పని సాగుతుండగా ప్రధానమంత్రి బాల్ఫోర్ చొరవతో ప్రభుత్వం ఆయనకు సాలీనా 200 పౌన్ల పింఛను మంజూరు చేసింది. ఉద్యోగంలో ఉండగానే పింఛను రావటం మనకు విడ్డూరమే గాని, ఆ దేశంలో విద్వాంసులకు అలా ఇచ్చే ఆచారం ఉన్నది.

తల్లిని ఒకసారి ఆక్స్‌ఫర్డు చూపించటానికి తీసుకువచ్చాడు. శతాబ్దాల నాటి ఆల్ సోల్స్ కళాశాల భవనం చూసి, ఇది సహకార దుకాణానికి భేషుగ్గా ఉంటుందని ఆమె అన్నట్లు ఒక కథ చెప్పుకుంటారు. నవ్వుకోవటానికి చెప్పినా ఆమె అన్నదాంట్లో తప్పేమున్నది? కార్మికుల ఊళ్ళో సహకార దుకాణం కంటే పనికొచ్చే భవనం ఏముంటుంది? రైట్ కూడా తన మూలం ఎన్నడూ దాచుకోలేదు. ఆక్స్‌ఫర్డులో కట్టుకున్న ఇంటికి థాక్లీ అని పుట్టిన పల్లె పేరే పెట్టుకున్నాడు.

ఆ ఇంట్లో సుఖం ఉన్నది, దుఃఖమూ ఉన్నది. ఒక కొడుకు, ఒక కూతురు పుట్టి ఇద్దరూ పసితనంలోనే పోయారు. ఆ తరువాత దంపతులిద్దరూ విద్యార్థులనే పిల్లలుగా చూసుకున్నారు. ఆదివారం సాయంకాలం తేనీటికి పిలిచి, యార్క్‌షైరు పద్ధతిలో కడుపునిండా పెట్టేవారు. ఆయనకొక కుక్క ఉండేది, పేరు జాక్. గోతిక్ అనే పాత భాషలో అత్తిచెట్టుకు ఉన్న పేరు, స్మక్క బగ్మ్స్ అని యజమాని అనగానే మూతి నాకేటట్లు దానికి నేర్పాడు. చచ్చిపోయిన భాష తెలిసిన కుక్క ప్రపంచంలో అదొక్కటే అయి ఉంటుంది.

ఆ తేనీటి విందులకు వెళ్ళిన విద్యార్థులలో టోల్కీన్ ఒకడు. తరువాత లార్డ్ ఆఫ్ ది రింగ్స్ అనే ప్రసిద్ధ గాథ వ్రాసి, అందులోని జాతులకు భాషలే కల్పించిన రచయిత. బడిలో ఉండగా చేతికి దొరికిన రైట్ గోతిక్ వాచకమే అతనికి ఆ భాషల పిచ్చి పట్టించింది.

భార్య కూడా సామాన్యురాలు కాదు. 1908లో ఇద్దరూ కలిసి పాత ఇంగ్లీషు వ్యాకరణం వ్రాశారు. 1913లో ఆమె పల్లె మాటల మీద, జానపద విశ్వాసాల మీద సొంతంగా ఒక చక్కని పుస్తకం వెలువరించింది. ఇంతటి ఇల్లాలు పక్కన ఉండి కూడా, స్త్రీలకు విశ్వవిద్యాలయ విద్య కావాలి గాని పాలనలో ఓటు వద్దని రైట్ వాదించాడు. తన కార్ఖానా నడిచింది ఎవరి చేతుల మీదుగానో చూసుకుంటే ఆ మాట ఆయన అనవలసింది కాదని నా అభిప్రాయం.

1925లో ఆచార్య పదవి నుంచి విరమించి, 1930 ఫిబ్రవరి 27న ఆక్స్‌ఫర్డులో న్యుమోనియాతో కన్నుమూశాడు. రెండేళ్ళకు ఎలిజబెత్ రెండు సంపుటాలలో ఆయన జీవిత చరిత్ర వ్రాసి ప్రచురించింది. ఆయన గురించి లోకానికి తెలిసినదానిలో అధిక భాగం ఆమె చేతి వ్రాతే.

ఆయన దిగులు నిజమేనని తరువాతి కాలం చూపించింది. 1950 నుంచి 1961 వరకు లీడ్స్ విశ్వవిద్యాలయం తరఫున హెరాల్డ్ ఆర్టన్ మనుషులు ఇంగ్లండులో 313 ఊళ్ళు తిరిగి, 1,300కు పైగా ప్రశ్నలతో ముసలివారిని విచారించారు. పొలంలో, పాడిలో, వంటింట్లో వాడే మాటలెన్నో అప్పటికే ముదుసలుల నోట్లోనే మిగిలి ఉన్నాయి. ఆ కాలంలోనే మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం తలపెట్టింది. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వచ్చాయి. మగ్గం పనిముట్ల పేర్లు జిల్లా జిల్లాకూ ఎలా మారతాయో అందులో చూడవచ్చు. మన సభ్యులలో నేతగాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చినవారు ఉన్నారు. రెండో సంపుటం ఒకసారి తిరగవేయండి, తాతగారి మాటలు కొన్ని దొరుకుతాయి.

రైట్ నిఘంటువును ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రూక్ విశ్వవిద్యాలయంవారు పూర్తిగా కంప్యూటరుకు ఎక్కించారు. ఏ జిల్లా పేరు చెబితే ఆ జిల్లా మాటలన్నీ వరుసగా వస్తాయి. చీటీలను చేత్తో గూళ్ళలో సర్దిన కార్ఖానా వారికి ఈ సదుపాయం ఉంటే ఎన్ని రాత్రులు కలిసివచ్చేవో.